ఆయుధశాల: బ్రెన్ తుపాకి రెండో జన్మ

(మన సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో ఉండి రిటైరైన సుబేదార్ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

పాత బ్రెన్ ఎల్ఎంజీలను (లైట్ మెషీన్ గన్లను) 7.62 మిల్లీమీటర్ల తూటాకి మార్చిన సంగతి పోయినసారి ఏదో మాటవరసకి రెండు ముక్కలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం దాని మీదే. అందుకే పిస్టళ్ళు, కత్తులు అడిగినవాళ్ళను పక్కన కూర్చోబెట్టి ఈసారి మొత్తం దీనికే ఇస్తున్నాను. ఒక్కమాట ముందే చెప్పేస్తాను. మార్పిడి ఎలా చేస్తారు, చెడగొట్టినదాన్ని మళ్ళీ ఎలా బతికిస్తారు అని అడిగిన ఉత్తరాలకు ఇక్కడా జవాబు ఉండదు, విడిగా రాసినా ఉండదు. చూసి గుర్తుపట్టడం వరకే నా పని.

ప్రశ్న: మా నాన్నగారు 1986లో దిగిన ఫొటోలో ఆయన చేతిలో ఉన్నది బ్రెన్ అంటారు. నేను చూసిన బ్రెన్ బొమ్మలన్నిటిలో మేగజీన్ బాగా వంగి ఉంది. ఫొటోలో ఉన్నది దాదాపు నిటారుగా ఉంది. ఎవరు రైటు? – పాఠకుడు, విజయనగరం

మీ నాన్నగారే రైటు. మీరు చూసిన బొమ్మలూ తప్పు కాదు.

బ్రెన్ పుట్టింది .303 అంగుళాల తూటా కోసం. ఆ తూటా అడుగున ఇత్తడి అంచు బయటికి పొడుచుకొని ఉంటుంది. ఒకవైపు మందంగా ఉన్న ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే గోడ వంగిపోతుంది కదా, అంచు ఉన్న తూటాలూ అంతే. అందుకే ఆ మేగజీన్ వంపు తిరిగింది. నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కింద ఉన్నదాని అంచుకు ముందు పడాలి. ఒక్కటి వెనక్కి పడినా కాల్పుల మధ్యలో ఆగిపోవడం ఖాయం. 30 పట్టే మేగజీన్‌లో 28 వేసి ఆపేసేవాళ్ళు, స్ప్రింగ్ మీద భారం పడకుండా.

7.62 నాటో తూటాకి బయటికి వచ్చే అంచు లేదు. వరసగా, ఇంచుమించు నిటారుగా కూర్చుంటుంది. 1962 యుద్ధం తర్వాత మన సైన్యం .303 రైఫిళ్ళు వదిలి ఇషాపూర్‌లో తయారైన 7.62 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌కి మారుతూ వచ్చింది. సెక్షన్‌లో, అంటే పదిమంది జవాన్ల చిన్న దళంలో, రైఫిళ్ళకు ఒక తూటా, ఎల్ఎంజీకి ఇంకో తూటా అంటే సరఫరా చేసేవాడి తల తిరిగిపోతుంది. అందుకని బ్రెన్ కూడా 7.62లోకి వచ్చింది. మన దగ్గర దాని సర్కారీ పేరు గన్ మెషీన్ 7.62 ఎంఎం 1బి. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) మాత్రం ఎవరూ అంత పేరు పలికేవాళ్ళు కాదు. ఎల్ఎంజీ అంటే అదే.

ఫొటోని భూతద్దం కింద పెట్టి మేగజీన్ తర్వాత గొట్టం చివర కూడా చూడండి. పాత .303 బ్రెన్‌కి అక్కడ గరాటు ఆకారంలో నున్నటి ఫ్లాష్ హైడర్ (కాల్చినప్పుడు మంట కనబడకుండా చేసేది) ఉంటుంది. బ్రిటన్‌లో 7.62కి మారినవాటికైతే నిలువు చీలికలున్న సన్నటి గొట్టం లాంటిది ఉంటుంది. మీ ఫొటోలో ఏది ఉందో చూసి మళ్ళీ రాయండి. ఫొటో జిరాక్స్ కాకుండా స్కాన్ పంపితే నా కళ్ళకి పుణ్యం.

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాను. ఇక్కడ డీయాక్టివేట్ చేసిన (మళ్ళీ పేలకుండా చెడగొట్టిన) బ్రెన్ ఒకటి అమ్మకానికి వచ్చింది. 'అసలైన ఎల్4ఎ4, సైన్యం చేసిన మార్పిడి' అంటున్నాడు. మామూలు బ్రెన్ కంటే చాలా ఎక్కువ అడుగుతున్నాడు. నమ్మొచ్చా? – పాఠకుడు, లెస్టర్

అమ్మేవాడి మాట వినండి, కానీ తుపాకి చెప్పేదాన్ని నమ్మండి. ఎల్4 అంటే 7.62కి మార్చిన బ్రెన్‌కి బ్రిటిష్ సైన్యం పెట్టిన పేరు.

ముందు బ్రెన్ నిర్మాణంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇది విడిపోవడానికే పుట్టిన తుపాకి. ఎడమవైపు లివర్ ఎత్తి, మోసే పిడి పట్టుకొని ముందుకు లాగితే గొట్టం చేతిలోకి వచ్చేస్తుంది. వేడెక్కిన గొట్టాన్ని నంబర్ టూ జవాను (గన్నర్‌కి సాయంగా ఉండేవాడు) కొన్ని క్షణాల్లో మార్చాలి కాబట్టే అలా చేశారు. మేగజీన్ సంగతి చెప్పనక్కర్లేదు. వెనక చెక్క బట్, ముందు రెండు కాళ్ళ స్టాండ్, అన్నీ ఊడతాయి. అంటే 80 ఏళ్ళలో ఎన్ని చేతులు మారితే అన్ని తుపాకుల భాగాలు ఒకదాని మీదికి చేరి ఉంటాయి. చీలికల ఫ్లాష్ హైడర్ ఉన్న గొట్టం తగిలించి, నిటారు మేగజీన్ పెట్టి, ఎల్4 అని చెప్పడం ఎవరికైనా తేలికే. గొట్టం, మేగజీన్ పక్కన పెట్టేయమనండి. మిగిలిన బాడీ ఒక్కటే సాక్ష్యం.

బాడీ మీద మార్కింగు చదవండి. ఎల్4 తుపాకులు కొత్తగా పోత పోసినవి కావు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రెన్‌లనే మార్చారు. కాబట్టి నిజమైన ఎల్4 మీద రెండు జీవితాల ఆనవాళ్ళూ ఉండాలి: పాత మార్క్ గుర్తు (మార్క్ అంటే తయారీ రకం), సీరియల్ నంబరు, ఆ తర్వాత వచ్చిన ఎల్4 హోదా. ఒక్క కొత్త హోదా మాత్రమే మిలమిలా కొట్టొచ్చినట్టు కనిపించి పాతదేమీ లేకపోతే నాకైతే అనుమానమే. అక్షరాల అడుగు కూడా చూడండి. పాత చెక్కుడు గాడిలో యాభై ఏళ్ళ నూనె మురికి నల్లగా పేరుకొని, దాని మీద పూత కూడా పాతబడి ఉంటుంది. నిన్న కొట్టిన అక్షరం గాడిలో లోహం తెల్లగా మెరుస్తుంది. దాన్ని నల్లరంగుతో కప్పినా అంచులు పదునుగా చేతికి తగులుతాయి. గోరుతో ఒకసారి రాసి చూస్తే తెలిసిపోతుంది.

ఇక ఏది దేనినుంచి వచ్చిందనే వంశావళి. ఎల్4ఎ1, ఎల్4ఎ2 వచ్చింది మార్క్ 3 బ్రెన్ నుంచి. ఎల్4ఎ3 మాత్రం మార్క్ 2 నుంచి. ఎల్4ఎ4 మళ్ళీ మార్క్ 3 జాతే, దాని గొట్టం లోపల క్రోమియం పూత ఉంటుంది. ఆ పూత వల్ల గొట్టం ఎక్కువకాలం మన్నుతుందని స్పేర్ గొట్టం అవసరం తగ్గించుకున్నారు. కాబట్టి మీవాడు చూపించేది మార్క్ 2 బాడీ అయ్యుండి పేరు మాత్రం ఎల్4ఎ4 అన్నాడంటే బేరం అక్కడే ఆపేయండి.

మార్క్ 2, మార్క్ 3 తేడా ఎలాగంటారా? మార్క్ 1తో మొదలుపెడితే తేలిక. 1937లో ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మార్క్ 1 చాలా సోకైన తుపాకి. దూరాన్ని సరిచేసే రేర్ సైట్‌కి ఎడమవైపు గుండ్రటి డ్రమ్ము ఉంటుంది, దాన్ని తిప్పితే సైట్ పైకీ కిందికీ కదులుతుంది. బోల్టు లాగే పిడి మడతపడుతుంది. స్టాండ్ కాళ్ళ ఎత్తు మార్చుకోవచ్చు. 1940లో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్‌లో సైన్యం సామాను వదిలేసి వచ్చాక బ్రిటన్‌కి తుపాకులకు కరువొచ్చింది. అప్పుడు సోకులన్నీ కోసేశారు. 1941లో వచ్చిన మార్క్ 2కి డ్రమ్ము పోయి మామూలు లీఫ్ సైట్ వచ్చింది, పిడి మడత పోయింది, కాళ్ళు ఒకే ఎత్తుకు స్థిరపడ్డాయి. 1944లో వచ్చిన మార్క్ 3ని పొట్టిగా, తేలికగా చేశారు. మార్క్ 1 గొట్టం 25 అంగుళాలు, దీనిది 22 అంగుళాల పైచిలుకు. ఒక టేపు జేబులో వేసుకెళ్ళండి. అయితే పైన చెప్పిన మాట మరవొద్దు, గొట్టం మారి ఉండొచ్చు.

ఎల్4 కథలో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. యుద్ధకాలంలో కెనడాలో టొరంటోలోని ఇంగ్లిస్ కంపెనీ చైనా సైన్యం కోసం 7.92 తూటాకి బ్రెన్‌లు చేసింది. ఆ తూటాకీ బయటికి వచ్చే అంచు లేదు. దాంతో 1950ల్లో 7.62కి మారుద్దామనుకున్నప్పుడు ఆ కెనడా రకం బోల్టు దాదాపు సిద్ధంగా ఉన్నట్టయింది. ఎవరి కోసమో చేసిన ముక్క ఇంకెవరికో పనికొచ్చింది. చైనాకి చేసిన తుపాకుల బాడీ మీద చైనీస్ అక్షరాలు ఉంటాయి. అలాంటిది ఎక్కడైనా కనబడితే అది ఎల్4 కాకపోయినా సరే, ఒక ఫొటో తీసి నాకు పంపండి.

చివరిగా కాగితాలు. బ్రిటన్‌లో డీయాక్టివేట్ చేసిన తుపాకికి ప్రూఫ్ హౌస్ (తుపాకుల్ని పరీక్షించి ముద్ర వేసే సంస్థ) ముద్ర, సర్టిఫికెట్ రెండూ ఉండాలి. లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లు ఇవి ఇస్తాయి. 1988 చట్టంతో మొదలైన ఈ పద్ధతి 1995లో గట్టిపడింది, 2016లో ఇంకా గట్టిపడింది. పాత ప్రమాణం ప్రకారం చేసినవాటిలో బోల్టు కదులుతుంది, ట్రిగ్గర్ టిక్కుమంటుంది కాబట్టి జనానికి వాటి మీద మోజు. కానీ పాత ప్రమాణంలో ఉన్నదాన్ని ఇంట్లో ఉంచుకోవడం వేరు, అమ్మడం వేరు. ఇప్పటి ప్రమాణానికి తేకుండా అమ్మినా, కానుకగా ఇచ్చినా అక్కడ నేరం. చేతులు మారినప్పుడు హోమ్ ఆఫీసుకి (అక్కడి హోం శాఖకి) తెలియజేయాలి కూడా. సర్టిఫికెట్ మీది సీరియల్ నంబరు, బాడీ మీది నంబరు మీ కళ్ళతో మీరే పోల్చుకోండి. 'కాగితం పోస్టులో పంపిస్తాను బ్రదర్' అంటే నమస్కారం పెట్టి బయటికి రండి.

ఇండియా వచ్చేటప్పుడు దాన్ని సూట్‌కేసులో పెట్టుకొస్తే బాగుంటుందని మీ ఉత్తరం చివర రాశారు. ఆ ఆలోచన మానండి. బ్రిటన్ సర్టిఫికెట్ మన ఎయిర్‌పోర్టులో లైసెన్సు కాదు.

ప్రశ్న: డాలస్ దగ్గర గన్ షోలో సెమీ ఆటో (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేలే) బ్రెన్ చూశాను. చట్టబద్ధమేనట. నేను హెచ్1బీ మీద ఉన్నాను. కొంటే బాగుంటుందా? దీన్ని కలెక్టర్లు విలువైనదిగా చూస్తారా? – పాఠకుడు, టెక్సస్

రెండో ప్రశ్నకు ముందు మొదటిది. హెచ్1బీ నాన్ ఇమిగ్రెంట్ వీసా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసాలో ఉన్నవాళ్ళు మామూలుగా ఏ తుపాకీ ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గన్ షోలో పక్కనున్నవాడు 'ఏం పర్లేదు' అంటాడు. వీసా, గ్రీన్‌కార్డు పోయేది అతనివి కాదు. లాయర్‌ని కలవకుండా చెయ్యి పెట్టొద్దు. గన్ రేంజిలో సరదాగా కాల్చే ముందు కూడా ఇదే సంగతి కనుక్కోండి.

ఇక విలువ. అమెరికాలో 1986 మే 19 నాటికి రిజిస్టరైన మెషీన్ గన్లు మాత్రమే మామూలు పౌరుల మధ్య చేతులు మారతాయి. ఆ సంఖ్య పెరగదు, అందుకే ధరలు ఆకాశంలో ఉంటాయి. మీరు చూసిన సెమీ ఆటో వేరే జాతి. పాత బ్రెన్ బాడీని ముక్కలుగా కోసేసి మిగిలిన భాగాలను కిట్‌గా అమ్మితే, కొత్తగా చేసిన బాడీ మీద వాటిని కూర్చి తయారుచేసింది. చూడ్డానికి బ్రెన్. చరిత్రకారుడి కంటికి మాత్రం గొట్టం, చెక్క, స్టాండ్ పాతవి, అసలు తుపాకి అనదగ్గ బాడీ కొత్తది. కాల్చి సంతోషించేవాడికి అది చాలు. కలెక్టర్ మాత్రం దాన్ని ప్రతిరూపం కింద లెక్కగడతాడు. నేనూ అంతే.

ప్రశ్న: పొలంలో పాత బావి పూడిక తీస్తుంటే తుప్పుపట్టిన పెద్ద తుపాకి దొరికింది. ఊళ్ళో పెద్దవాళ్ళు రజాకార్ల కాలం నాటిది అంటున్నారు. పైన మేగజీన్ పెట్టే రంధ్రం ఉంది. శుభ్రం చేసి ఇంట్లో పెట్టుకోవచ్చా? ఫొటో పంపమంటారా? – పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

ఫొటో వద్దు. శుభ్రమూ వద్దు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికే మీరు పోలీస్ స్టేషన్‌కి చెప్పి ఉండాలి. లోపల తూటా ఉందో లేదో తుప్పు చెప్పదు. చుట్టుపక్కల గ్రెనేడు కూడా పడేసి ఉండొచ్చు. పని ఆపించి, పిల్లల్ని దూరంగా ఉంచి, ఎక్కడ దొరికిందో అక్కడే వదిలేయండి.

మీ ఊరి పెద్దల మాట కొట్టిపారేయలేం. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి విమానాల్లో నిజాం ప్రభుత్వానికి దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. ఒకపక్క సాయుధ పోరాటం, ఆ తర్వాత పోలీసు చర్య. ఆ రోజుల్లో బావుల్లో, గడ్డివాముల్లో దాచినవి అన్నీ బయటపడ్డాయని ఎవరు చెప్పగలరు! కానీ అది ఏ తుపాకో తేల్చాల్సింది పంచనామా అయ్యాక. మీ వంతు దాన్ని ముట్టుకోకపోవడమే.

ప్రశ్న: వందేళ్ళు దాటినవి యాంటిక్ కాబట్టి లైసెన్సు అక్కర్లేదట కదా? హైదరాబాద్‌లో ఒక డీలర్ మొదటి ప్రపంచ యుద్ధం నాటి లూయిస్ గన్ అనే మెషీన్ గన్ ఇప్పిస్తానంటున్నాడు. అసలు మన దేశంలో ఇలాంటివి కలెక్ట్ చేయడం ఎలా? – పాఠకుడు, హైదరాబాద్

వందేళ్ళ లెక్క పురావస్తువుల చట్టంలోది. తుపాకికి వర్తించేది 1959 ఆయుధాల చట్టం. అందులో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరసగా కాల్చే ఆయుధం నిషిద్ధ ఆయుధం. దాన్ని కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్ళు, గరిష్ఠంగా 14 ఏళ్ళు. పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ షరతు చదవాలి: మరమ్మతు చేసినా సరే తుపాకిగా పనికిరానిదై ఉండాలి. లూయిస్ గన్ వయసు వందేళ్ళు దాటినా బాగుచేస్తే పేలుతుంది అంటే, ఆ మినహాయింపు మీది కాదు. ఆ డీలర్ ఫోన్ నంబరు మీ ఫోన్‌లోంచి తీసేయండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చట్టం దృష్టిలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా. 'ఉత్త బోల్టే కదా', 'ఉత్త గొట్టమే కదా' అని షోకేసులో పెడితే అదీ చిక్కే.

మరి సరదా ఎలా తీరుతుంది? నేను నా ఇంట్లో ఏం పెట్టుకున్నానో చెబుతాను. 1937 పాటర్న్ కాన్వాస్ పౌచ్‌లు ఒక జత. బ్రిటిష్, ఇండియన్ సైనికులు ఛాతీ మీద రెండు పక్కలా తగిలించుకునేవి. వాటి కొలత ఎందుకు అంతో తెలుసా? ఒక్కో దాంట్లో రెండు బ్రెన్ మేగజీన్లు పట్టాలి. సెక్షన్‌లో ప్రతి రైఫిల్‌వాలా కూడా బ్రెన్ కోసం మేగజీన్లు మోసేవాడు. అంటే ఆ కాలంలో సెక్షన్ అంతా ఆ ఒక్క తుపాకి చుట్టూ నడిచేది. 1947 నవంబర్ 3న బడ్గాంలో మేజర్ సోమనాథ్ శర్మ ఎడమచేతికి సిమెంటు కట్టుతో ఉండి కూడా మేగజీన్లు నింపి ఎల్ఎంజీ గన్నర్లకు అందిస్తూ అమరుడయ్యాడు, తొలి పరమవీర చక్ర ఆయనదే. ఒక్క చేత్తో మేగజీన్ నింపడం అంటే ఏమిటో బొటనవేలి గోరు విరగ్గొట్టుకున్నవాడికి తెలుస్తుంది.

ఆ పౌచ్‌ల లోపలి ఫ్లాప్ మీద తయారీదారు ముద్ర, సంవత్సరం ఉంటాయి. భూతద్దం వేసుకొని చదువుతూ కూర్చుంటే సాయంత్రం గడిచిపోతుంది. శిక్షణ పుస్తకాలు, ఖాళీ నూనె డబ్బాలు, పటాలు, జవాన్ల ఇళ్ళల్లో ఉన్న ఫొటోలు: వీటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ముఖ్యంగా ఫొటోలు. పశ్చిమ గోదావరిలో మాధవరం లాంటి ఊళ్ళల్లో తరతరాలుగా ఇంటికొకరు సైన్యానికి వెళ్ళారు. అక్కడ గోడల మీద వేలాడుతున్న ఫొటోల్లో ఎన్ని ఆయుధాలు ఉన్నాయో ఎవరైనా ఓపిగ్గా చూసి రాసిపెడితే, నన్నడిగితే అంతకు మించిన కలెక్షన్ లేదు.

ప్రశ్న: మా తాతయ్య 1938లో వాయవ్య సరిహద్దులో పనిచేశారు. అప్పటి ఫొటోలో పైన వంపు మేగజీన్ ఉన్న ఎల్ఎంజీ ఉంది. అది బ్రెన్ అని మ్యూజియంలో ఒకాయన అన్నారు. తేదీ చూస్తే నాకు నమ్మకం కలగడం లేదు. – పాఠకురాలు, గుంటూరు

మీ అనుమానం నూటికి నూరుపాళ్ళు సరైనది, అమ్మా. మీది మంచి కన్ను.

1938కి బ్రెన్ బ్రిటిష్ సైన్యంలోనే కొత్తపెళ్ళికొడుకు. ఇండియన్ ఆర్మీ అప్పటికే వేరేదాన్ని ఎంచుకుంది: వికర్స్ బెర్తియర్. సైన్యంలో వీబీ అనేవాళ్ళు. బ్రిటన్‌లో జరిగిన పోటీ పరీక్షల్లో చెక్ దేశపు బర్నో నగరం నుంచి వచ్చిన నమూనా గెలిచి బ్రెన్ అయింది. ఓడిన వీబీని ఇండియా తీసుకుంది. కలకత్తాకి ఎగువన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. రెండూ .303, రెంటికీ పైన 30 తూటాల వంపు మేగజీన్, ముందు రెండు కాళ్ళు. అందుకే పొరబాటు పడతారు.

ఫొటోలో తేల్చుకోవాలంటే ఎడమవైపు చూడండి. ఆ కాలపు బ్రెన్ అయితే రేర్ సైట్ డ్రమ్ము గుండ్రంగా ఉబ్బి కనిపించి తీరాలి. వీబీకి అది లేదు. బాడీ కూడా సన్నగా, సాదాగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా మన దళాలకు బ్రెన్ రావడం మొదలై వీబీ వెనక్కి తగ్గింది. ఇషాపూర్ కూడా బ్రెన్‌లు చేసింది.

ఎప్పుడైనా అసలు ఆయుధం మ్యూజియంలో కంటబడితే ముద్రలు వెతకండి. ఆర్ఎఫ్ఐ అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్. కిరీటం కింద జీఆర్ఐ అంటే జార్జి చక్రవర్తి కాలం. కిరీటం పోయి నాలుగు సింహాలు వచ్చాయంటే గణతంత్రం వచ్చాక చేసింది లేదా మళ్ళీ తనిఖీ చేసింది. బాణం గుర్తు కింద ఐ అక్షరం భారత ప్రభుత్వ ఆస్తి. డీపీ అని కొట్టి ఉంటే డ్రిల్లుకే, కాల్చడానికి పనికిరాదని. ఎన్‌సీసీలో చేసిన పాఠకులకు ఈ డీపీ బాగా పరిచయం ఉండాలి. మ్యూజియం ఆయనకి ఈ సంచిక ఒక కాపీ ఇవ్వండి, కోపం తెచ్చుకోకుండా.

ప్రశ్న: ఒక తూటా నుంచి ఇంకో తూటాకి మార్చడం సరే. మామూలు రైఫిల్‌నే ఎల్ఎంజీగా మార్చిన సందర్భాలు ఉన్నాయా? నేను సిడ్నీలో ఉంటాను, ఇక్కడ ఏమైనా చూడొచ్చా? – పాఠకుడు, సిడ్నీ

ఉన్నాయి. మీ పక్క దేశంలోనే. 1941లో జపాన్ భయం ముంచుకొస్తుంటే న్యూజిలాండ్‌కి బ్రెన్‌లు దొరకలేదు. హేస్టింగ్స్ ఊరివాడు ఫిలిప్ చార్ల్‌టన్ గోదాముల్లో మూలుగుతున్న పాత బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ బోల్టు చేత్తో లాగాల్సిన) లీ మెట్‌ఫర్డ్, లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను ఆటోమేటిక్‌గా మార్చాడు. ఇంచుమించు 1,500 చేశారు. పెద్ద మేగజీన్ కావాలంటే కొంచెం మార్చిన బ్రెన్ మేగజీన్ కిందనుంచి తగిలించేవాళ్ళు. యుద్ధం తర్వాత పామర్‌స్టన్ నార్త్‌లో గోదాము కాలిపోయి దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఇప్పుడు మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఎవరైనా 'చార్ల్‌టన్ అమ్ముతా' అంటే నవ్వి ఊరుకోండి.

1940లో ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి తంటాలే. అమెరికా నుంచి వచ్చిన విమానాల లూయిస్ గన్లకు బట్, కాళ్ళు తగిలించి అక్కడి వాలంటీర్ల దళమైన హోమ్ గార్డ్‌కి ఇచ్చారు. నేల మీద వాడే లూయిస్‌కి లావుపాటి పొయ్యిగొట్టంలా కనిపించే తొడుగు ఉంటుంది. విమానంలో గాలే చల్లబరుస్తుంది కాబట్టి వాటికి అది ఉండదు, సన్నటి గొట్టం బయటికే కనబడుతుంది. పైగా అవి అమెరికా .300 తూటావి. బ్రిటిష్ .303తో కలిసిపోకుండా వాటికి ఎర్రరంగు పట్టీ వేశారు. పాత లూయిస్ మీద ఆ ఎరుపు జాడ కనిపిస్తే గీకి పాలిష్ చేయొద్దు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆ పట్టీలోనే ఉన్నాయి. బ్రెజిల్‌లో డెన్మార్క్ దేశపు మాడ్సెన్ ఎల్ఎంజీలు 7.62కి మారి రియో పోలీసుల చేతిలో ఈ శతాబ్దం దాకా పనిచేశాయి. మాడ్సెన్ పుట్టింది 1902 ప్రాంతంలో!

చూడ్డానికంటారా, సిడ్నీ నుంచి బ్లూ మౌంటెన్స్ దాటితే లిత్‌గో. అక్కడి స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ 1912లో మొదలైంది, 1941 నుంచి బ్రెన్‌లు చేసింది. ఇప్పుడు దానికి మ్యూజియం ఉంది. ఆ ఫ్యాక్టరీ ముద్ర ఎంఏ. పిల్లలతో వెళ్ళండి, దారి కూడా బాగుంటుందంటారు.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. బ్రెన్ ఎడమ భుజం నుంచి కాల్చవచ్చా? కాలేజీలో పందెం పడింది. – విద్యార్థి, కరీంనగర్

పందెం ఎటు కాశావో రాయలేదు. మేగజీన్ సరిగ్గా నడినెత్తిన నిలబడి చూపుకి అడ్డం వస్తుంది కాబట్టి బ్రెన్ సైట్లు రెంటినీ ఎడమపక్కకి జరిపి పెట్టారు. కుడి భుజానికి ఆనిస్తే కన్ను సరిగ్గా వాటి వెనక్కి వస్తుంది. ఎడమ భుజానికి ఆనిస్తే తల తుపాకి మీదుగా అవతలి పక్కకి వంచాలి, గురి కుదరదు. సైన్యంలో ఎడమచేతి వాటం వాళ్ళకీ దీన్ని కుడి భుజం మీదే నేర్పించారు.